మిల్లు పంచె, చక్రాల బూట్లు

హిందూపురం,
17 ఆగస్టు 2003

బావకు నమస్కారం.

ఇక్కడ మేమంతా క్షేమం, నా మోకాళ్లు రెండూ తప్ప. అక్కడ నువ్వు క్షేమమేనని ఆదెమ్మక్క ఫోనులో చెప్పింది. నువ్వయితే చెప్పవు. నా గొంతు వినగానే ఫోను పెట్టేస్తావు. జాబును పెట్టెయ్యలేవు కదా. చించెయ్యొచ్చుగానీ, చదవకుండా చించే రకం కాదు నువ్వు. బొరుగుల పొట్లం కట్టిన పేపరు ముక్కను కూడా విప్పి రెండువైపులా చదివే మనిషివి.

ఏడేండ్ల తర్వాత రాసే జాబులో పెద్ద సంగతి ఏదైనా ఉండాలి. ఉంది. యాభై నాలుగో ఏట నేను కాళ్లకు చక్రాలు కట్టుకున్నాను.

మా వీధిలో శ్రీనివాసులని రిటైరైన డ్రిల్లు మాస్టరు ఉన్నాడు. బెంగుళూరులో ఏదో క్లబ్బు మూసేస్తుంటే పాత చక్రాల బూట్లు, కట్టెలు మూట కట్టుకొచ్చాడు. ఒక్కో బూటు కింద నాలుగు చక్రాలు, ఒకదాని వెనక ఒకటి. ఎద్దుల బండి చేసే వడ్రంగిని అడిగినా చెప్తాడు, చక్రాలు పక్కపక్కన ఉంటేనే ఏ బండైనా నిలబడుతుందని. ఈ బూట్లు చేసినవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వాటి మీద నిలబడి, కట్టెతో నల్లటి ప్లాస్టిక్ బిళ్లను కొట్టి, అవతలివాళ్ల వలలో వేయాలి. హాకీయే. కాకపోతే పడుతూ లేస్తూ ఆడే హాకీ.

కుర్రాళ్లు క్రికెట్టు వదిలి రారని, శ్రీనివాసులు నలభై అయిదు దాటినవాళ్లకు లీగు పెట్టాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడు జట్లు. నలుగురు ఆడతారు, అయిదోవాడు వలకు కాపలా. మా మార్కెట్ యార్డులో చింతపండు వేలం వేసే అరుగు నీకు తెలుసు కదా, నున్నటి గచ్చు, పైన రేకులు. సీజను అయిపోయి ఖాళీగా ఉంది. దాని తాళం చెవి కాటా గుమాస్తానైన నా దగ్గర ఉంటుంది. జట్టులో నాకు చోటు ఎందుకు దొరికిందో ఇప్పుడు అర్థమయిందా?

మొదటివారం నిలబడడం నేర్పారు. రెండోవారం పోవడం నేర్పారు. ఆగడం ఇంకా నేర్పలేదు. అరుగు చుట్టూ బస్తాలు పేర్చారు, అవే మా బ్రేకులు. ఎంత ఊడ్చినా గచ్చు మీద ఎక్కడో ఒక చింతపిక్క మిగిలే ఉంటుంది. అది నా చక్రాన్నే వెతుక్కుంటూ వస్తుంది. మొన్న పడినప్పుడు మా ఇంటిది నాగమణి గుమ్మంలోనే నిలేసి అడిగింది: "ఏమప్పా, ఎవురితో కొట్లాడినావు?" చింతపిక్కతో అని చెప్పాను. "ఎవురు గెలిచినారు?" అంది.

నవంబరు 16న మీ ధర్మవరం జట్టు ఇక్కడికి ఆటకు వస్తుంది. చూడ్డానికి రా బావా. ఆ గృహప్రవేశం నాటి పంచె సంగతి నేను ఎత్తను. ఎత్తనని చెప్పడానికే ఇంతవరకు రాశాను.

నీ బావమరిది,
ఓబుళప్ప


ధర్మవరం,
26 ఆగస్టు 2003

శ్రీ ఓబుళప్ప గారికి,

తమరి జాబు అందింది. ఇక్కడ అందరమూ బాగున్నాము.

తమరు పంచె సంగతి ఎత్తనన్నారు. నేను ఎత్తుతాను. 1996లో తమరి కొత్తింటి గృహప్రవేశానికి నన్ను పీట మీద కూర్చోబెట్టి, పళ్లెంలో తాంబూలంతో బట్టలు పెట్టారు. ముప్పై ఏండ్లుగా మగ్గం నేసేవాడికి మిల్లు పంచె. మిల్లు ముద్ర కూడా చెరగలేదు. మన రెండిండ్లదీ మగ్గం గుంతలో కాళ్లు పెట్టి బతికిన వంశం. తమరు మగ్గం వదిలి కాటా పట్టుకున్నారు, అది తమరి ఇష్టం. కానీ ఆ ఏడాది మా వీధిలో పదకొండు మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. బంధువుల్లో ఒకాయన అందరికీ వినపడేటట్టు అన్నాడు: "ఏమబ్బా సంజీవప్పా, మగ్గం మానుకోమని నీ బామ్మర్ది చెప్పకనే చెప్తాండాడే." అందరూ నవ్వారు. తమరు కూడా నవ్వారు. నేను చూశాను. పళ్లెం కింద పెట్టి, విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేశాను.

తప్పు నలుగురి ముందర జరిగింది. చేతులు జోడించేదీ నలుగురి ముందరే జరగాలి. అంతవరకు తమరి గడప తొక్కను, తమరి ఇంట్లో ముద్ద తినను. ఇది ఏడేండ్ల కిందట చెప్పిన మాటే.

కాళ్లకు చక్రాలు కట్టుకున్నందుకు సంతోషం. పోవడం వచ్చిందిగానీ ఆగడం రాలేదని రాశారు. తమరికి మొదటినుంచీ అంతే.

ఇట్లు,
సంజీవప్ప

మీ అక్క రాయమంటేనే రాస్తున్నాను: మోకాళ్లకు ఆముదం వెచ్చచేసి రాయండి.


హిందూపురం,
22 సెప్టెంబరు 2003

బావకు నమస్కారం.

నన్ను "గారు" అన్నావు. పెండ్లికి ముందు కూడా నువ్వు నన్ను "ఒరే" అనే పిలిచేవాడివి. ఆ "గారు" చూసి నాగమణి, పోస్టుమ్యాను వేరే ఇంటి జాబు ఇచ్చి పోయినాడేమో అనుకుంది.

ఆముదం బాగానే పనిచేసింది, అక్కకు చెప్పు.

నిన్న పెనుకొండలో మా మొదటి ఆట. కల్యాణ మండపంలో పెట్టారు. పెండ్లికొడుకు పీట వేసేచోట ఒక వల, వంటశాల గుమ్మంలో ఒక వల. ఏడు ఒకటి తేడాతో ఓడిపోయాం. ఏడు వాళ్లవి. వాళ్ల గంగప్ప రిటైరైన పోస్టుమ్యాను, ముప్పై ఏండ్లు కొండల్లో సైకిలు తొక్కిన కాళ్లు. నా పక్కనుంచి పోయినప్పుడల్లా "బాగుండావా అప్పా?" అని పలకరించి పోయేవాడు. నేను "బాగుండా" అనేలోపల గోలు పడేది. అట్లా ఏడుసార్లు నా క్షేమం అడిగాడు.

మాకు పడిన ఆ ఒక్క గోలూ నాదే. గొప్పగా చెప్పుకోవచ్చుగానీ, చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వెల్లకిలా పడ్డాను. మావాడు కొట్టిన బిళ్ల నా వెనకభాగానికి తగిలి, దారి మార్చుకుని వలలోకి పోయింది. శ్రీనివాసులు నా పేరే రాసుకున్నాడు. నా జీవితంలో నేను సాధించినవన్నీ ఇట్లా వెనక్కి తిరిగి ఉన్నప్పుడు జరిగినవే.

ఆట తర్వాత వంకాయ పులుసుతో భోజనం పెట్టారు. ఆ మండపం నిండా పంక్తులు, విస్తళ్లు చూస్తే నువ్వు గుర్తొచ్చావు. ఏడేండ్లుగా మా ఇంట్లో ఏ కార్యం జరిగినా అక్క ఒక్కతే వస్తుంది. వచ్చినవాళ్లు "మీ బావ యాడ?" అంటారు. "మగ్గం మీద అర్జెంటు పని" అంటాను. ఏడేండ్ల అర్జెంటు పని ఎవరైనా నమ్ముతారా? ఇప్పుడు అందరూ అడగడం మానేశారు. అడిగేటప్పటికంటే ఇదే కష్టంగా ఉంది.

ఆ పంచె నేను కావాలని తెచ్చింది కాదు బావా. అంగడాయన అంటగట్టాడు.

ఓబుళప్ప


ధర్మవరం,
8 అక్టోబరు 2003

శ్రీ ఓబుళప్ప గారికి,

అంగడాయన అంటగట్టాడని రాశారు. మార్కెట్ యార్డులో పాతికేండ్లుగా రైతుకూ దళారికీ మధ్య కాటా పట్టుకున్న మనిషికి ఒకడు అంటగట్టడం! తూకంలో ఇట్లాంటి మాట చెల్లుతుందేమో, నా దగ్గర చెల్లదు.

ఇంకొక సంగతి. తమరు వేరేవాళ్ల నోట వినడం కంటే నేను చెప్పడమే మర్యాద. ఇక్కడ మూతపడిన మగ్గాల షెడ్డులో ధర్మవరం జట్టు సాధన చేస్తోంది. వాళ్ల గోలీ, అంటే వలకు కాపలా ఉండే మంజునాథ్, చికెన్ సెంటరాయన, బిళ్లకు అడ్డం పడి చేయి విరగ్గొట్టుకున్నాడు. వేరే గోలీ కోసం వాళ్లు వీధులన్నీ తిరుగుతుంటే మీ అక్క నన్ను అడగకుండానే నా పేరు ఇచ్చింది. నేను తిట్టాను. "ఏడేండ్లాయె, ఇంట్లోనుంచి మగ్గం కాడికి, మగ్గం కాడ్నుంచి ఇంట్లోకి. రోంతసేపు వేరే గుంతలో నిలబడు పో" అంది.

గోలీ ఎక్కువ కదలాల్సిన పని లేదట, నిలబడితే చాలట. నిలబడడం నాకు అలవాటే, ఏడేండ్లుగా ఒకే మాట మీద నిలబడి ఉన్నాను. కాళ్లకు రోకళ్లంత మెత్తలు, మొహానికి ఇనప జాలీ కట్టారు. మీ అక్క దిష్టి తీసింది. నాకో, నన్ను చూసి జడుసుకున్న పక్కింటి హనుమమ్మకో తెలియలేదు.

కాబట్టి 16వ తేదీ నేను హిందూపురం వస్తున్నాను. మార్కెట్ యార్డు సర్కారుది. అక్కడికి రావడం తమరి ఇంటికి రావడం కాదు. అన్నం క్యారియరు నాది, నీళ్ల సీసా నాది. ఆట ఆటే.

ఇట్లు,
సంజీవప్ప


హిందూపురం,
19 అక్టోబరు 2003

బావకు,

నీ జాబు చదివి నాగమణి, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఆయన వలలో నిలబడితే నువ్వు గోలు కొడతావా?" అంది. "నేను ఎవరు నిలబడినా కొట్టలేను గదా" అన్నాను. "అట్లయితే భయం లేదులే" అంది.

అంగడాయన మాట అబద్ధం. నిజం ఇంకా అన్యాయంగా ఉంటుందని దాచిపెట్టాను. విను.

గృహప్రవేశానికి వారం ముందు నీకు పట్టుపంచె కొందామని మీ ధర్మవరమే వచ్చాను. మీ ఇంటికి రాలేదు, తెలిసిపోతుందని. అంగడిలో కూర్చుని ఒక్కొక్కటే తీయించాను. ఒకటి నచ్చింది. ఇది మా బావ మగ్గం మీద దిగిందేమో అని అనుమానం వచ్చింది. నువ్వు నేసింది నేను కొని మళ్లీ నీకే పెట్టడమేంటి, నీ చేతి ముద్ద నీ నోట్లోనే పెట్టినట్టు. సరే, ఇంకొకరు నేసింది తీద్దామా అంటే, పళ్లెంలో చూడగానే అంచు తిప్పి చూస్తావు, "వీడు నాకంటే బాగా నేస్తాడనా?" అంటావు. అంటావా అనవా? మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అంగడాయన రెండుసార్లు టీ ఇప్పించాడు. చివరికి నాకు గొప్ప ఆలోచన తట్టింది: ఏ మనిషీ నేయని గుడ్డయితే ఏ గొడవా ఉండదు.

అట్లా కొన్నాను మిల్లు పంచె. నా తెలివికి నేనే సంతోషపడి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

ఆ పొద్దు అందరితోపాటు నేనూ నవ్వానన్నావు. నవ్వాను. తప్పు జరిగిందని తెలిసిన మరుక్షణం నా మొహం చేసే పని అదే. ఈ మాట అప్పుడే నలుగురిలో చెప్పుంటే సరిపోయేది. కానీ చెప్తే, నాకంటే పెద్ద వెధవ లేడని కూడా ఆ నలుగురికే తెలిసిపోయేది. ఇల్లు కట్టిన మొదటిరోజు ఆ పేరు వద్దనుకున్నాను.

ఓబుళప్ప


ధర్మవరం,
27 అక్టోబరు 2003
(కార్డు)

ఓబుళప్పకు,

జాబు చదివాను. ఇంత బుద్ధితక్కువ కారణం అబద్ధమై ఉండదు.

మీ అక్క పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు. ఆ అంగడాయన ఎవరో కనుక్కుని, ఆ రోజు నువ్వు పక్కన పెట్టిన పంచెల్లో నాది ఉండెనా అని అడగాలనుంది.

అయినా నలుగురి ముందర జరగాల్సింది జరగలేదు. 16న వల దగ్గర కలుద్దాం.

సంజీవప్ప


హిందూపురం,
18 నవంబరు 2003

బావకు,

ఆట అయిపోగానే మొహం మీది జాలీ కూడా తీయకుండా వ్యాన్ ఎక్కి పోయావు. నేను బూట్లు విప్పి పరిగెత్తి వచ్చేసరికి వ్యాన్ గేటు దాటింది. అందుకని నా వైపునుంచి ఏం జరిగిందో రాస్తున్నాను.

చూడ్డానికి అంతమంది వస్తారనుకోలేదు. యార్డు హమాలీలు, వాళ్ల ఇండ్లవాళ్లు, మా వీధి మొత్తం. వీళ్లలో సగంమంది మా గృహప్రవేశానికి వచ్చినవాళ్లే. ఆ రోజు నిన్ను ఎగతాళి చేసినాయన కూడా ముందు వరసలో బస్తా మీద కూర్చుని ఉన్నాడు. నువ్వు చూసే ఉంటావు.

నువ్వు వలలో బాగా నిలబడ్డావు బావా. నేను పొగడడం లేదు, మా జట్టంతా అదే మాట. నలభై ఏండ్లు మగ్గం తొక్కిన కాలు కదా, బిళ్ల వచ్చేలోపల ఆ కాలు అక్కడుంది. అయినా ఎట్లాగో రెండు రెండు అయింది. శ్రీనివాసులు వాచీ చూసి, ఇంకొక్క నిమిషం అని వేలు చూపించాడు.

అప్పుడు వచ్చింది ఆ బిళ్ల నా దగ్గరికి. ఎందుకొచ్చిందో దానికే తెలియాలి. నా ముందు నువ్వు తప్ప ఎవరూ లేరు. నేను పోతున్నాను. ఆగడం నాకు రాదని నీకు తెలుసు, అయినా నువ్వు వల వదిలి ముందుకొచ్చావు. వచ్చి, పడ్డావు. నిన్ను తప్పించబోయి నేనూ తూలాను, నా చక్రం వచ్చి నీ భుజానికి తగిలింది. పడకుండా నిలబడ్డాను, అదెట్లా జరిగిందో ఇప్పటికీ తెలియదు. చూస్తే బిళ్ల నా కట్టె ముందర ఉంది. వల తెరిచిన వాకిలిలాగా ఉంది. కట్టె ఊరికే ఆనిస్తే చాలు. నా బతుకులో మొహం ముందుకుండగా జరిగే మొదటి గోలు.

"కొట్టు ఓబుళప్పా, కొట్టు!" అని రేకులు అదిరేటట్టు అరిచారు.

నేనేం చేశానో అందరూ చూశారు. కట్టె కింద పడేశాను. వంగి నీ భుజం తాకి, ఆ చేయి కండ్లకు అద్దుకున్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. చిన్నప్పటినుంచి అవ్వ నేర్పింది అదే కదా, కాలు తగిలితే తాకి కండ్లకద్దుకోమని. పుస్తకానికి తగిలినా అంతే, మనిషికి తగిలినా అంతే. పైగా నువ్వు పెద్దవాడివి. "దండం రేపు పెట్టుకోవచ్చు, ముందు బిళ్ల కొట్టబ్బా!" అని ఎవరో ఏడుపు గొంతుతో అరిచారు. అప్పటికే మీవాడు దాన్ని తీసుకుని పోయి మా వలలో వేశాడు. మూడు రెండు. విజిలు.

శ్రీనివాసులు నా దగ్గరికొచ్చి, "నా సర్వీసులో ఎన్నో ఆటలు చూసినా గానీ, గోలు ముందర పూజ చేసినోణ్ని నిన్నే చూస్తాండా" అన్నాడు. ముందు వరసాయన మాత్రం నవ్వలేదు బావా. లేచి నిలబడి ఉన్నాడు.

ఇంటికొచ్చినాక నాగమణి, "పోనీలేప్పా, ఆటయితే పాయ గానీ, నీ బావకు కావాల్సింది నలుగురి ముందర జరిగిపాయ కదా. ఇంక వస్తాడు" అంది. నాకూ ఒక్క క్షణం అట్లాగే అనిపించింది. సులభంగా బయటపడ్డానని సంబరపడ్డాను కూడా. కానీ నిన్ను మోసం చేసినట్టవుతుంది. ఆ దండం పంచెకు కాదు, భుజానికి. నా చేయి దానంతటది పోయింది, నేను పంపలేదు. దాన్ని క్షమాపణ అనుకుని నువ్వు గడప తొక్కితే, ఆ రోజు మిల్లు ముద్ర చెరపకుండా పెట్టినట్టే, ఈ రోజు ఇంకొకటి అంటగట్టినట్టవుతుంది.

అందుకని ఇది పంపుతున్నాను. బావా, తప్పయింది. నిన్ను నలుగురిలో తక్కువ చేశాను, పైగా నవ్వాను. క్షమించు. ఈ జాబును నువ్వు ఎంతమందికి చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు. కావాలంటే మీ జట్టు షెడ్డులో గోడకు అంటించు.

ఇంకొకటి ఉంది. ఏడేండ్లుగా నాగమణికి కూడా చెప్పలేదు. ఆ పొద్దు నువ్వు పీట మీదనుంచి లేచి వెళ్లినాక నీ వెనకాలే బస్టాండుకు వచ్చాను. సిమెంటు బల్ల మీద తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నావు. నేను చెరుకురసం బండి వెనక నిలబడ్డాను. నాలుగు మాటలు కూడబలుక్కున్నాను. ఒక్కటి చెప్పడానికి కూడా కాలు ముందుకు పడలేదు. ఇంటికి పోయి, "బావ బస్సు అప్పుడే వెళ్లిపోయింది" అని అక్కతో చెప్పాను. ఆమె ఆ మాట నమ్మి పంక్తిలో కూర్చుని అన్నం తింది. ఆ ఇంట్లో నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

నువ్వు వచ్చినా రాకపోయినా, ఇక ఎవరైనా "మీ బావ యాడ?" అంటే మగ్గం మీద పని అని చెప్పను. నా మీద కోపం అని చెప్తాను.

ఓబుళప్ప


ధర్మవరం,
25 నవంబరు 2003

ఒరే ఓబుళా,

జాబు గోడకు అంటించలేదు. షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి చదివాను, పంచె సంగతి నుంచి భుజం సంగతి దాకా. బస్టాండు సంగతి చదవలేదు, అది మడిచి జేబులో పెట్టుకున్నాను. మంజునాథ్ విరిగిన చేయి పట్టుకుని నవ్వి, "ఇట్లాంటి బామ్మర్ది నాకుండుంటే ఈ చేయి ఇరిగేదే కాదు, బిళ్ల నా దాకా వచ్చేదే కాదు" అన్నాడు.

ఆ దండం అలవాటని నాకు తెలియదనుకున్నావా? ఆ పొద్దు గచ్చు మీద పడుకుని కింది నుంచి నీ మొహం చూసింది నేనొక్కణ్నే. అందులో లెక్క ఏమీ లేదు. నువ్వు బాగా ఆలోచించి చేసిన పని నేను ఒకటి చూశాను, పంచె కొన్నావు. ఆలోచించకుండా చేసింది ఇది చూశాను. ఇకనుంచి నువ్వు ఆలోచించొద్దు.

వ్యాన్ ఆపమందామని నోటిదాకా వచ్చింది. మొహానికి జాలీ ఉండడం మేలయింది. అందులో ఒక ముసలివాడు ఏడుస్తున్నాడో చెమట కారుతోందో పక్కవాళ్లకు తెలియదు.

ఆదివారం ప్యాసింజరుకు నేను, మీ అక్క వస్తున్నాం. క్యారియరు తేను. నాగమణిని ఉలవచారు చేయమను. బట్టలు మాత్రం పెట్టొద్దు. నీకు ఆ పని చేతకాదు. భుజం ఇంకా నొప్పిగా ఉంది, అరగ్లాసు ఆముదం వెచ్చచేసి పెట్టు.

బస్టాండు సంగతి మీ అక్కకు నేనే చెప్పాను. నిన్ను తిట్టలేదు, నన్ను తిట్టింది. ఎందుకో విను. ఆ చెరుకురసం బండి చక్రాల మధ్యలోంచి నీ కాళ్లు నాకు కనపడుతూనే ఉన్నాయి. పెండ్లికొడుకు మాదిరి పారాణి పూసుకుని ఉన్నావు, గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటాను? నువ్వు వచ్చి ఒక్క మాట అంటావేమోనని ధర్మవరం బస్సులు రెండు వదిలేశాను. మూడోది కూడా వదిలేద్దామని తల తిప్పి చూస్తే, బండి వెనక ఎవరూ లేరు.

నీ బావ,
సంజీవప్ప